పురుగు ఉంటేనే పిట్ట: నెక్కొండ పెరట్లో వసంతం

నెక్కొండలో వసంతం ఉగాదికి ముందే మొదలవుతుంది. పంచాంగం ప్రకారం అది చైత్రంతో రావాలి. పెరట్లో మాత్రం మాఘమాసం సగం కాగానే దాని గుర్తులు కనబడతాయి. మామిడి విరగబూసి ఉంటుంది. వేపచెట్టు పండుటాకు రాల్చడం మొదలుపెడుతుంది. చేను గట్ల మీద మోదుగు చెట్లు ఆకన్నది లేకుండా ఎర్రగా పూస్తాయి. వాకిలి ఊడిస్తే రోజూ గంపెడు వేపాకు. తలెత్తి అదే చెట్టు కొమ్మ చివర చూస్తే రాగిరంగు చిగురు.

వరంగల్ జిల్లాలో, కాజీపేట నుంచి విజయవాడ పోయే రైలు మార్గం మీద ఉంది నెక్కొండ. చుట్టూ చల్కా నేలలు, రేగడి నేలలు. పత్తి, మిరప, మక్కజొన్న, వరి పండే ఊళ్లు. నర్సంపేట దాటి ఇంకాస్త ముందుకు పోతే కాకతీయులు కట్టించిన పాకాల చెరువు, దాని చుట్టూ అభయారణ్యం. ఇటు చేలు, అటు అడవి. అందుకే ఇక్కడి పెరట్లోకి రెండు వైపుల నుంచీ జీవాలు వస్తుంటాయి. ఒక జామ, ఒక కల్యమాకు, ఒక వేప, గోడ వారన మల్లె, పందిరి మీద సొరపాదు ఉన్న మామూలు ఇల్లు చాలు. వసంతంలో అక్కడ జరిగేది చాలా ఉంది.

ముందుగా ఒక ప్రశ్న. ఆఖరి వాన పడి నెలలు గడిచిపోయాయి. ఎండ ముదురుతోంది. నేల పగుళ్లు తీస్తోంది. ఇలాంటప్పుడు చెట్టు చిగురెందుకు వేస్తుంది? ముదురాకు నీటిని ఎక్కువగా బయటికి వదిలేస్తుంది. చెట్టు దాన్ని రాల్చేసి ఆ నీటిని మిగుల్చుకుంటుంది. వేప, రావి, కానుగ లాంటి చెట్ల వేళ్లు లోతుకు పోతాయి, పైనేల ఎండినా అడుగున తేమ వాటికి అందుతుంది. పగటి పొద్దు పెరగగానే ఆ తేమతో కొత్త ఆకు వేసుకుంటాయి. వానాకాలం వచ్చేసరికి ఆ ఆకు ముదిరి, వానతో పాటు పుట్టుకొచ్చే పురుగుల దండును తట్టుకునే స్థితిలో ఉంటుంది.

పురుగుల మాట వచ్చింది కాబట్టి, ఈ ప్రసంగమంతా ఏ మాట చుట్టూ తిరుగుతుందో ఇక్కడే చెప్పాలి. పెరట్లో పురుగు ఉంటేనే పిట్ట ఉంటుంది. పురుగు ఉంటేనే పూత పిందె అవుతుంది. ఆ మాట ఎంత నిజమో మామిడి చెట్టుతోనే మొదలుపెట్టి చూడవచ్చు.

మామిడి పూగుత్తి ఒక్కదాంట్లో వందల కొద్దీ పూలుంటాయి, ఒక్కోసారి వేలు కూడా ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం మగపూలు. కాయ కాయగలిగినవి తక్కువ. ఆ తక్కువలోనూ పండు దాకా నిలిచేది నూటికి ఒకటి కూడా ఉండదు. ఆ ఒక్కటీ నిలవాలన్నా పుప్పొడి ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు చేరాలి. మామిడికి ఆ పని చేసేది ముఖ్యంగా ఈగలు. వంటింట్లో విసుక్కుంటూ తోలేసే ఈగల జాతే, పూత మీద మాత్రం చెట్టుకు ఉపకారి. తేనెటీగలూ వస్తాయి గాని ఈగలదే పెద్ద చెయ్యి.

అదే పూతను తేనెమంచు పురుగు కూడా పట్టుకుంటుంది. రసం పీల్చి జిగురు వదులుతుంది. ఆ జిగురు మీద మసి పడుతుంది. చెట్టు కింద నిలబడితే ఆ జిగురు చేతికి అంటుతుంది. అది చూడగానే మందు కొట్టాలనిపించడం సహజం. కాని పూలు విచ్చి ఉన్నప్పుడు మందు కొడితే తేనెమంచు పురుగుతో పాటు ఈగలూ చస్తాయి, తేనెటీగలూ చస్తాయి. చెట్టు నిండా పూత ఉంటుంది, పిందె మాత్రం పడదు. పూత విచ్చిన మామిడికి మందు కొట్టకూడదు. ఈ ఒక్క మాట మామిడి ఉన్న ప్రతి ఇంటివారూ గుర్తుంచుకోవాలి.

మామిడి నుంచి కల్యమాకు దగ్గరికి. కొందరు కరివేపాకు అంటారు. ఈ చెట్టు లేని ఇల్లు అరుదు. ఉగాది నాటికి దానికి లేత చిగురు వస్తుంది. ఉదయం పూట ఆ చిగురు దగ్గర కాసేపు నిలబడితే ఒక సీతాకోకచిలుక కనబడుతుంది. నల్లని రెక్కల మీద లేత పసుపు మచ్చలు. అది ఆకు మీద వాలీ వాలనట్టు ఆగుతుంది. పొట్ట చివర వంచి ఆకుకు తాకిస్తుంది. వెంటనే లేచిపోతుంది. అక్కడ ఆకు మీద గుండ్రటి, లేత పసుపు గుడ్డు ఒకటి మిగులుతుంది. ఆవగింజంత కూడా ఉండదు. ఒక చోట ఒకటే పెడుతుంది. నిమ్మ చెట్టు ఉంటే అక్కడా ఇదే పని చేస్తుంది.

మూడు నాలుగు రోజులకు పురుగు బయటికి వస్తుంది. మొదట్లో అది గోధుమ రంగులో, మీద తెల్ల మచ్చలతో ఉంటుంది. ఆకు మీద పిట్ట రెట్ట పడిందనుకుని కళ్లు దాన్ని దాటిపోతాయి. పిట్టల కళ్లూ అలాగే దాటిపోతాయి. దానికి కావలసింది అదే. ఆకు తింటూ పెద్దదై, ఆఖరి కుబుసం విడిచాక అది పచ్చగా మారుతుంది. అప్పుడిక రెట్టలా కనబడాల్సిన పనిలేదు, ఆకుల్లో ఆకై కలిసిపోతుంది. దాన్ని పుల్లతో కొంచెం తాకితే తల వెనక నుంచి ఎర్రటి రెండు కొమ్ములు చటుక్కున బయటికి వస్తాయి. ఘాటైన వాసన వస్తుంది. చీమలనూ చిన్న శత్రువులనూ తరిమే ఆయుధం అది. మనిషికి ఏ హానీ లేదు. పిల్లలకు చూపించదగ్గ వింత.

తర్వాత ఆ పురుగు ఒక పుల్లకు తోక ఆనించి, నడుము చుట్టూ సన్నని పట్టుదారం చుట్టుకుని, కదలని గూడై నిలుస్తుంది. కొన్ని రోజులకు గూడు పగిలి రెక్కలున్న సీతాకోక వస్తుంది. గుడ్డు నుంచి ఎగిరే దాకా అంతా కలిపి సుమారు నెల. కల్యమాకు మీద ఇంకో సీతాకోక కూడా పెరుగుతుంది. దానిలో మగది నల్లగా, రెక్క కింద తెల్ల మచ్చల వరసతో ఉంటుంది. ఆడవాటిలో కొన్ని వేరే వేషం వేస్తాయి. ఈశ్వరి తీగ తిని పెరిగిన ఎర్రమచ్చల సీతాకోకలు విషపూరితమైనవి. పిట్టలు వాటి జోలికి పోవు. ఈ ఆడ సీతాకోకలు అచ్చం వాటి రంగులే ధరించి, విషం లేకుండానే విషం పేరు చెప్పుకుని బతుకుతాయి.

కల్యమాకు తినేస్తోందని పురుగును నలిపేస్తే ఇదంతా అక్కడితో ముగుస్తుంది. బాగా వేరుపట్టిన చెట్టుకు పది పురుగులు లెక్కలోవి కావు. ఆకు పోయిన చోట మళ్లీ చిగురు వస్తుంది. ఇంటికి కావలసిన ఆకు ఇంటికి కోసుకుని, వెనకవైపు కొమ్మ ఒకటి పురుగుకు వదిలేస్తే సరిపోతుంది. మొక్క మరీ చిన్నదైతే పురుగును పుల్లతో తీసి నిమ్మచెట్టు మీద వేయవచ్చు.

ఆ పురుగులన్నీ సీతాకోకలు కావు. చాలావరకు కందిరీగల పాలూ పిట్టల పాలూ అవుతాయి. పిట్టల పాలైనవి వృథా పోయినట్టు కాదు. గింజ తినే పిచ్చుక కూడా గూట్లో ఉన్న పిల్లలకు పురుగే తెచ్చి పెడుతుంది. పూతేనె తాగే తేనెపిట్ట కూడా పిల్లలకు సాలీళ్లనూ పురుగులనూ పెడుతుంది. కళ్లు తెరవని పిల్లకు మెత్తని పురుగు కావాలి. పురుగు ఉంటేనే పిట్ట అనడానికి అర్థం ఇదే.

తేనెపిట్ట సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. వసంతంలో మగ తేనెపిట్ట నీడలో నల్లగా కనబడుతుంది. ఎండ తగిలితే ఊదారంగు, నీలం మెరుస్తాయి. ఆడది వీపు మట్టిరంగు, పొట్ట లేత పసుపు. మందారం, నూరువరహాలు, అరటి పువ్వు, ఏది విచ్చినా అక్కడ ఉంటుంది. గూడు కట్టేది ఆడపిట్ట. కిందికి వంగిన కొమ్మకో, వరండాలో వేలాడే తీగకో, ఒక్కోసారి బట్టలారేసే దండెం తాడుకో గూడు వేలాడదీస్తుంది. సాలెగూడు దారాలు, బెరడు ముక్కలు, పురుగుల పెంటికలు దానికి సామాను. పక్కన ద్వారం, ద్వారం మీద చిన్న చూరు. దూరం నుంచి చూస్తే చెత్త చిక్కుకుని వేలాడుతున్నట్టే ఉంటుంది. బూజు దులిపేటప్పుడు పొరపాటున దాన్ని లాగేసే ప్రమాదం ఉంది. పండుగకు ఇల్లు దులిపేవారు వరండా మూల వేలాడే చెత్తను ఒకసారి ఆగి చూడాలి.

ఇంకో పిట్ట ఆకులు కుట్టి గూడు కడుతుంది. పిచ్చుక కంటే చిన్నది. తోక నిక్కబొడుచుకుని తిరుగుతుంది. వీపు పచ్చన, నెత్తి ఇటుకరంగు. జామ, వంగ, అరటి దగ్గరి గుబురు మొక్కలు దానికి ఇష్టం. వెడల్పాటి ఆకు దొరికితే దాని రెండు అంచులకూ ముక్కుతో చిల్లులు చేస్తుంది. ఆ చిల్లుల్లోంచి పీచునో, సాలెదారాన్నో, దూదినో దూరుస్తుంది. చిల్లు దాటిన దూది కొస ఉబ్బి అక్కడే బిగుసుకుంటుంది, వెనక్కి జారదు. అలా కుట్లు వేసుకుంటూ పోతే ఆకు సంచి అవుతుంది. అందులో మెత్తగా దూది పరిచి గుడ్లు పెడుతుంది. నెక్కొండ ప్రాంతంలో ఈ పిట్టకు దూది కరువు లేదు. పత్తి బండ్లు పోయిన దారిలో కంపలకు చిక్కిన పత్తి ఫాల్గుణం దాకా ఉంటుంది. రైతు చేజారిన పత్తి పిట్ట గూట్లో పరుపవుతుంది. మొక్కల కుదుళ్లు సర్దేటప్పుడు మడిచిన ఆకు కనబడితే తెంపకుండా లోపల ఏముందో చూడడం మంచిది.

వేపచెట్టు దగ్గర ఇంకొంచెం ఆగాలి. మార్చి ఆఖరుకు వేప పూస్తుంది. ఉగాది పచ్చడిలో పడేది ఆ పువ్వే. సాయంత్రం గాలికి దాని వాసన వీధంతా పరుచుకుంటుంది. ఆ పూత కోసం తేనెటీగలు వస్తాయి. పైకొమ్మల్లో కాకి గూడు కట్టుకుంటుంది. పుల్లలతో పాటు ఇనుప తీగ ముక్కలు కూడా వాడుతుంది. కాకి గూడు మొదలుపెట్టిన రోజుల్లోనే కోయిల కూత పెరుగుతుంది. ఇది కాకతాళీయం కాదు. కోయిల గూడు కట్టదు. తన గుడ్డును కాకి గూట్లో పెడుతుంది. కూసేది మగ కోయిల, ఎర్రకళ్ల నల్లపిట్ట. ఆడది గోధుమరంగు మీద తెల్ల చుక్కలతో ఉంటుంది, దాని గొంతు వేరు. మగది కూస్తూ కాకులను తనవెంట తరిమించుకుంటుంటే, ఆడది చల్లగా పోయి గుడ్డు పెట్టి వస్తుంది. కోయిల పిల్ల సాధారణంగా కాకి పిల్లల కంటే ముందే గుడ్డు పగలగొట్టుకుని బయటపడుతుంది. చాలాసార్లు కాకి పిల్లలతో పాటే పెరుగుతుంది.

మావిచిగురు తిని కోయిల గొంతు విప్పుతుందని కవులు తరతరాలుగా చెప్పారు. నిజానికి కోయిలకు ముఖ్యమైన ఆహారం పళ్లు. వేపపళ్లు, రావిపళ్లు, మర్రిపళ్లు. చలికాలంలో అది ఎటో పోయిందనుకుంటారు కొందరు. ఎటూ పోదు. ఇక్కడే ఉంటుంది, కూయదు, అంతే.

ఈ వేపకే కొన్నేళ్ల కిందట పెద్ద కష్టం వచ్చింది. 2021, 2022 సంవత్సరాల్లో తెలంగాణలో ఎక్కడ చూసినా వేపచెట్లు చిగుళ్ల నుంచి కిందికి మాడిపోయాయి. అగ్గి తగిలినట్టు కనబడిన ఆ చెట్లను చూసి జనం భయపడ్డారు. ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు చిగుళ్ల రసం పీల్చే టీ దోమ అనే పురుగు కారణమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పారు. చచ్చిందని కొట్టేయడానికి సిద్ధపడిన చెట్లు చాలా చోట్ల మరుసటి వసంతంలో మళ్లీ చిగురించాయి. ఎండిన వేపను గొడ్డలితో పలకరించే ముందు ఒక వసంతం ఆగి చూడాలి. కాకికీ కోయిలకూ తేనెటీగకూ నీడలో కూర్చునే మనిషికీ అదే ఆధారం.

ఇక కూరగాయల మడి. వంగ పువ్వు పుప్పొడిని మామూలుగా బయటికి ఇవ్వదు. దాని పుప్పొడి సంచుల కొనకు చిన్న చిల్లులుంటాయి. తుమ్మెద వచ్చి పువ్వును పట్టుకుని రెక్కల కండరాలతో గట్టిగా అదిరిస్తుంది. అప్పుడు గుయ్యిమనే చప్పుడు వినబడుతుంది. ఆ అదురుకు పుప్పొడి జలజల రాలుతుంది. టమాట పువ్వుదీ ఇదే పద్ధతి. మామూలు తేనెటీగకు ఇలా అదిరించడం రాదు. పెద్ద నల్ల తుమ్మెదకూ, నీలిచారల చిన్న తుమ్మెదకూ వచ్చు. నల్ల తుమ్మెద ఎండిన కట్టెలో, వెదురు బొంగులో చిల్లు చేసుకుని పిల్లల్ని పెంచుతుంది. పందిరికి వేసిన పాత వెదురులో గుండ్రటి చిల్లు కనబడితే అది దాని ఇల్లు. దాన్ని అలాగే ఉంచితే వంకాయలకు మంచిది.

గుమ్మడి పొద్దున్నే విచ్చుకుంటుంది, దానికి తేనెటీగ కావాలి. సొర, బీర పొద్దుగుంకే వేళకు పూస్తాయి. సొర తెల్లగా, బీర పసుపుగా. వాటి దగ్గరికి వచ్చేవి రాత్రి తిరిగే రెక్కల పురుగులు. ఈ పాదుల్లో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. ఎవరూ పుప్పొడి మోయకపోతే ఆడపువ్వు అడుగున ఉన్న చిన్న పిందె పసుపుబారి రాలిపోతుంది. పిందె నిలవడం లేదని మందు కొట్టేవారున్నారు. మందు కొడితే ఉన్న పురుగులూ పోతాయి. అలాంటప్పుడు మగపువ్వు తెంపి ఆడపువ్వుకు చేత్తో తాకిస్తే కాయ నిలుస్తుంది.

చిక్కుడు కొనలకు పేనుబంక పట్టినప్పుడు, ఆ పక్కనే ఎర్రగా గుండ్రంగా, నల్ల చుక్కలతో అక్షింతల పురుగు తిరుగుతుంటుంది. పేనుబంకే దాని తిండి. దాని పిల్లపురుగు నల్లగా, మొరటుగా ఉంటుంది. అదేదో కొత్త చీడ అనుకుని చంపేస్తుంటారు. అదే ఎక్కువ పేనుబంకను తింటుంది.

మల్లెకు వేరే లెక్క. చలికాలంలో నీళ్లు తగ్గించి, కొమ్మలు కత్తిరించి, ఆకు దూసిన పొదకు మాఘంలో ఎరువు వేసి తడి ఇస్తే ఫాల్గుణం నుంచి మొగ్గ పడుతుంది. వదిలేసిన పొదకు ఆకు ఎక్కువ, పూలు తక్కువ.

ఎండలు ముదిరే కొద్దీ మగ తొండ మెడ, తల ఎర్రబడతాయి. గోడెక్కి తల ఎగరేస్తుంది. దాన్ని రాళ్లతో కొట్టడం పిల్లలకు పాత ఆట. తొండ విషజీవి కాదు. చీమలు, మిడతలు, పురుగులు తిని బతుకుతుంది. పిల్లలకు ఆ మాట చెప్పాలి. జెర్రిపోతు కనబడితే అది ఎలుకల కోసం వచ్చిందని తెలియాలి. అయినా పామును పోల్చుకోవడం అందరికీ రాదు. దూరంగా ఉండడమే క్షేమం. కట్టెల మోపులు, రాళ్ల కుప్పలు గోడకు ఆనించకపోతే ఆ భయం తగ్గుతుంది.

దసరా నాడు దర్శనం కోసం వెతికే పాలపిట్ట కూడా వసంతంలోనే గూడు చూసుకుంటుంది. 2014 నుంచి తెలంగాణ రాష్ట్ర పక్షి అది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎత్తుకు ఎగిరి, అరుస్తూ, రెక్కల నీలం మెరిపిస్తూ పల్టీలు కొట్టుకుంటూ దిగుతుంది. తొర్ర తొలుచుకోవడం దానికి రాదు. తల తెగిన తాటిచెట్టు తొర్రలో గుడ్లు పెడుతుంది. పెరటి చివర ఎండిన తాటిమొద్దు ఉంటే, ఇంటిమీద పడే ప్రమాదం లేకపోతే, దాన్ని నిలబెట్టి ఉంచడం పాలపిట్టకు చేసే సాయం. దండం పెట్టడం కంటే అది పెద్దది.

పెరటికి ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, చుట్టూ ఉన్న చేలలో పురుగుకు చోటు లేదు. పత్తికీ మిరపకూ మందులు ఎక్కువ. 2021-22 పంటకాలంలో నల్ల తామర పురుగు వచ్చి వరంగల్, ఖమ్మం వైపు మిరప తోటలను ఊడ్చిపెట్టింది. రైతులు మందు మీద మందు కొట్టారు. ఆ పరిస్థితిలో రైతును తప్పుపట్టడానికి లేదు, అప్పు చేసి వేసిన పంట అది. కాని ఆ మందులకు చెడ్డ పురుగు, మంచి పురుగు అన్న తేడా తెలియదు. మందు పడని నేల ఊళ్లో మిగిలిందంటే అది ఇంటి పెరడే. తేనెటీగకూ, తుమ్మెదకూ, సీతాకోకకూ, వాటి మీద బతికే పిట్టలకూ ఇప్పుడు అదే ఆశ్రయం. పెరట్లో కూడా మందు డబ్బా ఎత్తితే వాటికి పోయే దిక్కులేదు. చీడ మితిమీరితే వేపగింజల కషాయం ఉంది. అదీ పొద్దుగుంకాక, పూల మీద పడకుండా చల్లాలి.

రాలిన ఆకును కాల్చడం కూడా మానుకోవాలి. ఆ ఆకు కింద వానపాములు, నలికీచులు, రకరకాల పురుగులు ఉంటాయి. గోరింకలు వచ్చి అక్కడి పురుగులను ఏరుకుంటాయి. కాల్చిన చోట బూడిద తప్ప ఏమీ మిగలదు. అదే ఆకును మల్లె కుదురులో, జామ కుదురులో మందంగా పరిస్తే వేసవంతా తేమ నిలుస్తుంది.

చివరగా నీళ్లు. చైత్రం సగమయ్యేసరికి పగటి వేడి 40 డిగ్రీల దగ్గరికి చేరుతుంది. కుంటలు ఎండుతాయి. పిచ్చుక, పిగిలిపిట్ట, ఉడుత, తేనెటీగ, అన్నీ ఇంటి గోలెం వైపే చూస్తాయి. గోలెం లోతు ఎక్కువ, పిట్ట పడితే లేవలేదు. అందుకని వెడల్పాటి మట్టి కంచుడు ఒకటి తీసుకుని, చెట్టు నీడలో, పిల్లి అందుకోలేని ఎత్తులో పెట్టాలి. తేనెటీగలు వాలి తాగడానికి అందులో రెండు పెంకు ముక్కలు వేయాలి. నీళ్లు నిలవ ఉంటే దోమలు పెరుగుతాయి కాబట్టి ప్రతి ఉదయం పారబోసి, కంచుడు కడిగి, కొత్త నీళ్లు నింపాలి. ఈ చైత్రంలో మీ ఇంట్లో ఆ కంచుడు పెట్టండి. మామిడి పూతమీద ఉన్నప్పుడు మందు డబ్బాను గూట్లోనే ఉంచండి.